సుర్యాయా, ఆథోరాయా: ఈ అరామిక్ జాతినామాలు ఒకే మూలం నుంచి వచ్చాయా? వాటి చివరనున్న ‘ఆయా’ ఏమిటి?

నీలగిరి చదువరి, నల్లగొండ:

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు చరిత్ర బోధిస్తాను. పశ్చిమాసియా పాఠాల కోసం తెలుగులో ఒక చిన్న పదకోశం తయారు చేస్తూ ఒక జాతి పేరు దగ్గర ఆగిపోయాను. ఉత్తర ఇరాక్‌లోని నీనెవె మైదానంలోనూ, ఆగ్నేయ తుర్కియేలోని తూర్ అబ్దీన్ కొండల్లోనూ, ఇరాన్‌లోని ఉర్మియా సరస్సు పరిసరాల్లోనూ తరతరాలుగా ఉంటూ, ఇప్పటికీ ఇళ్లలో అరామిక్ భాషారూపాలను మాట్లాడుకొనే క్రైస్తవులు తమను ఒకచోట సూరాయా అని, ఇంకొకచోట సుర్యోయో అని చెప్పుకొంటారు. వారి ప్రాచీన సాహిత్యభాష అయిన సిరియాక్‌లో ఆ మాట సుర్యాయా. వారిలో చాలామందికి ఆథోరాయా అన్న పేరే ఎక్కువ ఇష్టం. ఇంగ్లీషు పుస్తకాలు ఒక పేజీలో అస్సీరియన్లు అని, మరొక పేజీలో సిరియాక్ క్రైస్తవులు అని రాయడంతో మా విద్యార్థులు ఇవి రెండు వేరువేరు జాతులని అనుకొంటున్నారు.

సంస్కృతం కొంచెమైనా చదివినవారికి సుర్యాయా అనగానే ‘సూర్యాయ నమః’ గుర్తుకు రావడం సహజం. మా స్టాఫ్ రూములో ఒక పెద్దాయన ఇది సూర్యోపాసకుల పేరని ఖాయం కూడా చేసేశారు. నాకు నమ్మబుద్ధి కాలేదు గాని, కాదనడానికి గట్టి ఆధారం కావాలి. అసలు చిక్కు అంతకంటే పెద్దది. తెలుగు బైబిలులో అష్షూరు వేరు, సిరియా వేరు, అరాము వేరు. అష్షూరు రాజులు నీనెవె నుంచి దండెత్తి వస్తారు, సిరియా రాజులు దమస్కులో ఉంటారు. అటువంటప్పుడు సిరియా అన్న పేరు అష్షూరు నుంచే పుట్టిందని పండితులు ఏ ఆధారంతో అంటున్నారు? అష్షూరులోని షకారం ఒకచోట సకారంగానూ, ఆథోరాయాలో థకారంగానూ ఎలా మారింది? వీటితో పాటు, ఈ పేర్లన్నింటి చివర కనిపించే ‘ఆయా’ లింగవచనాలను బట్టి ఎలా మారుతుందో కూడా ఎవరైనా వివరంగా చెబితే పదకోశంలో సరిగా నమోదు చేస్తాను.


పాలమూరు భాషాభిమాని, మహబూబ్‌నగర్:

సార్, ముందుగా సూర్యుడి సంగతి తేల్చేద్దాం, అది సులువు. సిరియాక్‌లో సూర్యుడు షెమ్షా. హీబ్రూ షెమెష్, అరబ్బీ షమ్స్ దానికి తోబుట్టువులు. ‘సూర్యాయ’లోని ‘ఆయ’ చతుర్థీ విభక్తి. ‘సుర్యాయా’లోని ‘ఆయా’ ఫలానా చోటికి లేదా ఫలానా వంశానికి చెందినవాడని చెప్పే ప్రత్యయం. రెండింటి పోలిక కేవలం యాదృచ్ఛికం. మీ పెద్దాయనకు ఈ షెమ్షా మాట ఒక్కటి వినిపిస్తే చాలును.

ఇక అసలు విషయం. ప్రాచీన మెసొపొటేమియా భాష అయిన అక్కదీయంలో అష్షుర్ అనేది టైగ్రిస్ నది ఒడ్డునున్న ఒక నగరం పేరు, ఆ నగర దైవం పేరు, తరువాత ఆ రాజ్యమంతటి పేరు. ఈ ఒక్క పేరు పొరుగు భాషల్లోకి వేరువేరు కాలాల్లో, వేరువేరు దారుల్లో వెళ్లడం వల్లనే మీరు అడిగిన స, థ భేదం ఏర్పడింది.

థకారం ఎలా వచ్చిందో చెప్పడానికి మన రెవెన్యూ కచేరీలో వినిపించే మాటనే తీసుకొంటాను. చనిపోయినవారి భూమిని వారసుల పేరిట ఎక్కించడాన్ని మనం విరాసత్ అంటాము. అరబ్బీలో ఆ ధాతువు చివరి హల్లు నాలుక కొనను పళ్ల మధ్య ఉంచి పలికే థకారం వంటి ధ్వని. ఉర్దూ దానిని సకారంగా పలుకుతుంది కనుక మనకు విరాసత్ అని చేరింది. వారసత్వానికి సంబంధించిన అదే ధాతువు హీబ్రూలో య-ర-ష, సిరియాక్‌లో య-ర-త. అంటే ఆదిమ సెమిటిక్ భాషలోని ఒకే ధ్వని అరబ్బీలో థగా నిలిచింది, హీబ్రూలో షగా మారింది, అరామిక్‌లో తగా మారింది. దానియేలు గ్రంథంలో బెల్షస్సరు గోడమీద కనిపించిన ‘మెనే మెనే టెకేల్ ఉఫార్సీన్’ అన్న రాతలోని టెకేల్, హీబ్రూ షెకెల్ ఒకే మాట కావడానికి కారణం కూడా ఇదే. ఈ సూత్రం ప్రకారమే హీబ్రూలో అష్షూర్ ఉన్నచోట అరామిక్‌లో తకారంతో కూడిన రూపం వచ్చింది. సిరియాక్‌లో అచ్చు తరువాత వచ్చే తకారం మెత్తబడి థగా పలుకుతుంది కాబట్టి అది ఆథోర్ అయింది. మధ్యయుగాల సిరియాక్ రచనల్లో మోసుల్ ప్రాంతానికి ఆథోర్ అన్నది మామూలు పేరు. దీనికి ‘ఆయా’ చేరిస్తే ఆథోరాయా. కనుక ఆథోరాయా అనేది అష్షుర్ పేరు అరామిక్ భాషలోనే, ఆ భాష ధ్వనిసూత్రాల ప్రకారం మారి నిలిచిన రూపం. థకారం లేని ఉర్మియా మాండలికంలో అదే ఆతూరాయా అవుతుంది.

సుర్యాయాలో మాత్రం త గాని థ గాని లేదు, స ఉంది; మొదటి అచ్చు కూడా లేదు. అరామిక్ లోపలి నుంచే వచ్చిన రూపమైతే ఇలా ఉండడానికి వీలు లేదు. అది బయట తిరిగి వచ్చిన మాట. గ్రీకులు అస్సీరియా, సిరియా అనే రెండు రూపాలనూ వాడారు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, పారశీక చక్రవర్తి క్షయార్ష (జెర్క్సీస్) సేనను వర్ణిస్తూ, గ్రీకులు సిరియనులని పిలిచేవారిని ఇతరులు అస్సీరియనులంటారని స్పష్టంగా రాశాడు. 1871లో జర్మన్ పండితుడు థియొడోర్ నోల్డెకె ఈ రెండూ ఒకే పేరుకు రూపాంతరాలని ఒక వ్యాసంలో వాదించాడు. మొదటి అచ్చు ఎక్కడ, ఎప్పుడు జారిపోయిందో చూపే సాక్ష్యం చాలాకాలం దొరకలేదు. 1997లో తుర్కియేలోని అదానా నగర సమీపాన చినెకోయ్ వద్ద ఒక శాసనం బయటపడింది. అది క్రీ.పూ. 8వ శతాబ్దానిది, ద్విభాషా శాసనం: ఒక పాఠం ఆ ప్రాంతపు ప్రాచీన భాష లూవియన్ చిత్రలిపిలో, రెండవది ఫినీషియన్‌లో. ఫినీషియన్ పాఠంలో అష్షుర్ అని ఉన్నచోట లూవియన్ పాఠంలో ‘సుర’ అని ఉంది. గ్రీకులు వ్యాపారానికి తిరిగిన తీరానికి దగ్గరలో, అస్సీరియా సామ్రాజ్యం ఇంకా బతికున్న కాలంలోనే, అచ్చు లేని రూపం వాడుకలో ఉందని దీనితో రుజువయింది. శాసనాలు చదివే అలవాటున్న మనవంటివారికి ఇంతకంటే సంతోషం కలిగించే ఆధారం ఉండదు.

ఆ తరువాత కథ చిన్నది. క్రీ.పూ. 612లో నీనెవె పడిపోయింది, సామ్రాజ్యం పోయింది, పేరు మాత్రం ఆ సామ్రాజ్యం ఏలిన పశ్చిమ భూములకు అంటుకొని మిగిలింది. పారశీక చక్రవర్తి దారియస్ సూసా రాజభవన శాసనంలో లెబనాన్ దేవదారు మానులను బబులోను వరకు మోసుకొచ్చినది ప్రాచీన పారశీక పాఠం ప్రకారం అథురా ప్రజలు. అదే శాసనపు బబులోను పాఠం వారిని నది అవతలి ప్రజలంటుంది. అంటే యూఫ్రటీసుకు పడమరనున్నవారిని కూడా అష్షూరు పేరుతోనే పిలుస్తున్నారన్నమాట. అలెగ్జాండర్ తరువాత గ్రీకుల ఏలుబడిలో సిరియా అన్నది రాజకీయ నామంగా స్థిరపడింది, అరామిక్ మాట్లాడేవారందరూ గ్రీకుల నోట సిరియనులయ్యారు. మీ బైబిలు చిక్కు కూడా ఇక్కడే విడిపోతుంది. హీబ్రూ మూలంలో అరాము అని ఉన్నచోట సెప్టువజింటు అనే ప్రాచీన గ్రీకు బైబిలు అనువాదకులు సిరియా అని రాశారు. ఆ వాడుకే ఐరోపా భాషల బైబిళ్లకు, వాటిద్వారా తెలుగు బైబిలుకు చేరింది. మన బైబిలులో దమస్కు రాజు మూలంలో అరాము రాజు. ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో ‘అరామీదేశస్థుడు’ అని మాత్రం మూలరూపం అలాగే నిలిచింది.


మిర్యాలగూడ భాషాశాస్త్ర విద్యార్థి:

పాలమూరు అన్నగారు పుట్టుక గురించి చెప్పారు కాబట్టి నేను వ్యాకరణం వరకు రాస్తాను సార్.

‘ఆయా’ నిజానికి రెండు ముక్కలు. మొదటిది ‘ఆయ్’: చోటు, వంశం, మతం వంటివాటికి సంబంధించినవాడని చెప్పే ప్రత్యయం. అరబ్బీలో దీని ఉద్యోగం చేసేది మనకు హైదరాబాదీ, దక్కనీ వంటి మాటల్లో తెలిసిన ఈకారం; హీబ్రూలోనూ ఈకారమే. రెండవ ముక్క చివరి దీర్ఘ ‘ఆ’. అది పూర్వపు అరామిక్‌లో నామవాచకానికి వెనుక చేరే నిర్దేశక ప్రత్యయం, అంటే ‘ఆ ఫలానా’ అన్న అర్థం ఇచ్చేది. సిరియాక్ వంటి తూర్పు అరామిక్ భాషల్లో కాలక్రమాన ఆ అర్థం అరిగిపోయి, ‘ఆ’తో కూడిన రూపమే నామవాచకపు మామూలు రూపమైపోయింది. అందుచేత సుర్యాయా అంటే ‘ఆ సిరియనుడు’ అనే కాదు, ‘ఒక సిరియనుడు’ అని కూడా.

ప్రాచీన సిరియాక్‌లో పురుషుడు సుర్యాయా, స్త్రీ సుర్యాయ్తా, పురుష బహువచనం సుర్యాయే, స్త్రీ బహువచనం సుర్యాయాథా. చివరి ‘ఆ’ లేని నిరపేక్ష రూపం సుర్యాయ్. విధేయంగా వచ్చే విశేషణాలు సిరియాక్‌లో ఈ పొట్టి రూపాన్నే ఇష్టపడతాయి. జాతిత్వం లేదా సంప్రదాయం అన్న భావానికి సుర్యాయూథా. ఆ భాషలో, ఆ పద్ధతిలో అనడానికి క్రియావిశేషణం సుర్యాఈథ్. వీటిలో నాకు అన్నింటికంటే ఆసక్తికరమైనది ఈ చివరిదే, ఎందుకంటే ‘సుర్యాఈథ్ మాట్లాడు’ అన్న వాడుక నుంచే ఆధునిక భాష పేరు పుట్టింది: సూరెత్. మొదట క్రియావిశేషణంగా ఉన్న మాట నేడు ఒక భాషకు నామవాచకమై కూర్చుంది.

లిపి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. సుర్యాయాను సెమ్‌కథ్, వావ్, రీష్, యోధ్, యోధ్, ఆలఫ్ అనే ఆరు అక్షరాలతో రాస్తారు. ఇందులో మొదటి యోధ్ సిరియా అన్న ప్రాతిపదికకు చెందినది, రెండవది ప్రత్యయానికి చెందినది. యకారానికి ద్విత్వం అనుకోరాదు. అచ్చు గుర్తులు లేని రాతప్రతిలో ఏకవచన సుర్యాయా, బహువచన సుర్యాయే సరిగ్గా ఒకేలా ఉంటాయి. తేడా చూపేది మాటపైన పక్కపక్కన పెట్టే రెండు చుక్కలు మాత్రమే. వాటిని స్యామే అంటారు. చుక్కలు చెరిగిపోయిన ప్రతిలో ఒకడో పలువురో తెలుసుకోవడానికి క్రియాపదాన్ని చూసుకోవలసిందే.

సుర్యోయో, సూరాయా భేదం ధ్వనికి సంబంధించినది. పాశ్చాత్య సిరియాక్ ఉచ్చారణలో దీర్ఘ ‘ఆ’ అంతా ‘ఓ’ అయింది కనుక తూర్ అబ్దీన్ వారికి సుర్యోయో, బహువచనంలో సుర్యోయే. వారి నేటి భాష పేరు తూరోయో కూడా ఇలాగే తయారైంది. తూర్ అంటే కొండ, తూరోయో అంటే కొండప్రాంతపుది. తూర్పువారి నోట ‘ర్య’లోని యకారం జారిపోయి సూరాయా అయింది, స్త్రీవాచకంలో ‘అయ్’ కుంచించుకొని ‘ఏ’ కావడం వల్ల సూరేతా. అక్కడి గ్రామనామాలకు ‘ఆయా’కు బదులు చాలాసార్లు ‘నాయా’ చేరుతుంది: అల్కోష్ ఊరివాడు అల్కోష్‌నాయా, ఉర్మియావాడు ఉర్మిజ్‌నాయా.

ఈ ప్రత్యయం ఒక్క జాతికో మతానికో పరిమితం కాదన్న సంగతి కూడా పదకోశంలో రాయండి. యూదుడు ఈహూదాయా. దక్షిణ ఇరాక్, ఇరాన్‌లలోని మాందాయీల పేరు ‘జ్ఞానం’ అని అర్థమిచ్చే మందా నుంచి వచ్చింది. తూర్పు లిపి మద్న్‌హాయా, అంటే తూర్పుది. 708లో మరణించిన సిరియాక్ పండితుడు ఎదెస్సా యాకోబు తన వ్యాకరణానికి పెట్టిన పేరులో భాషను సుర్యాయా అనలేదు, నహ్రాయా అన్నాడు; నదుల నడిమి దేశానిది అని భావం. ఒకే భాషకు ఒకే కాలంలో ఇన్ని పేర్లు చెల్లాయన్నమాట.


నీలగిరి చదువరి, నల్లగొండ:

ఇద్దరికీ ధన్యవాదాలు. విరాసత్ ఉదాహరణను రేపటి తరగతిలోనే వాడుకొంటాను. ఒక్క మాట మిగిలింది. సుర్యాయా, ఆథోరాయా రెండూ చివరకు అష్షుర్ నుంచే వచ్చాయంటే, నేటి ప్రజలు ప్రాచీన అస్సీరియనుల వారసులని ఆ పేరే రుజువు చేస్తున్నట్లు రాయవచ్చునా? వీరిలోనే కొందరు తమను కల్దాయా అని, మరికొందరు ఆరామాయా అని ఎందుకు చెప్పుకొంటారు?


దేవరకొండ పాఠకుడు:

మాస్టారు గారూ, బైబిలు భాషల మీద ఆసక్తితో చదివే విశ్రాంత ఉపాధ్యాయుడిని. నాలుగు మాటలు నేను కూడా రాస్తాను.

ఒక పేరు పుట్టిన చోటు వేరు, అది ఒక కాలంలో జనం నోట మోసిన అర్థం వేరు. ఊళ్లలో ఇల్లు కట్టించేవారు గాని కాలువ తవ్వించేవారు గాని ‘పాలమూరోళ్లు వచ్చిండ్రా’ అని అడిగితే, వారు అడుగుతున్నది ఒక జిల్లావాసుల గురించి కాదు, మట్టిపని చేసే కూలీల గురించి. ఊరి పేరు వృత్తి పేరైపోయింది. సిరియాక్‌లో కల్దాయాకు జరిగింది అచ్చంగా ఇదే. దానియేలు గ్రంథంలో శకునగాండ్రు, మాంత్రికుల వరుసలో కల్దీయులు కూడా నిలబడతారు చూడండి. ఆ కాలం నుంచే బబులోను కల్దీయుడంటే నక్షత్రాలు చూసి జోస్యం చెప్పేవాడన్న అర్థం పాతుకొంది. సిరియాక్ క్రైస్తవ రచయితలకు కల్దాయా అంటే చాలాకాలం జ్యోతిష్కుడే. అది ఒక సంఘం పేరుగా గౌరవం పొందడం రోమునుంచి మొదలైంది. 1445లో పోపు నాలుగవ యుజీన్, సైప్రస్‌లో రోముతో ఐక్యమైన తూర్పు సంఘపు (మెసొపొటేమియాలోని ప్రాచీన సిరియాక్ క్రైస్తవ సంఘం, ‘చర్చ్ ఆఫ్ ది ఈస్ట్’) విశ్వాసులను ఇకపై నెస్టోరియనులని పిలువరాదని, కల్దీయులని పిలవాలని ఆజ్ఞాపించాడు. 16వ శతాబ్దంలో యోహన్నాన్ సులాకా రోముతో కలిసినప్పటినుంచి ఏర్పడిన శాఖకు ఆ పేరే క్రమంగా స్థిరపడింది.

అరాము పేరు కథ ఇంకా విచిత్రమైనది. తొలి సిరియాక్ రచయితలు తమ భాషను ఆరామాయా అనడానికి వెనుకాడలేదు. నేటి మధ్య ఇరాక్ భాగాన్ని తూర్పు సంఘం బేత్ ఆరామాయే, అంటే అరామీయుల ఇల్లు, అని పిలిచింది. అయితే పెషిట్టా అనే సిరియాక్ బైబిలులో, పౌలు పత్రికల్లోని ‘గ్రీసుదేశస్థుడు’ అన్న మాటకు అర్మాయా అని అనువదించారు, అక్కడ దాని అర్థం అన్యమతస్థుడు. గలతీయులకు రాసిన పత్రికలో ‘యూదుడని గ్రీసుదేశస్థుడని లేదు’ అన్న వాక్యాన్ని ఆ బైబిలులో ‘ఈహూదాయా అని అర్మాయా అని లేదు’ అని చదువుతారు. అచ్చులు లేని రాతలో అరామీయుడు, అన్యుడు ఒకటే. క్రైస్తవులైన అరామీయులు తమ పూర్వుల పేరు అన్యుడనే అర్థంలో వినబడటాన్ని సహించలేక మొదటి అచ్చును దీర్ఘం చేసి, మధ్య అచ్చును నిలిపి, ఆరామాయా అంటే జాతి, అర్మాయా అంటే అన్యమతం అని ఉచ్చారణలో వేరు చేసుకొన్నారు. సుర్యాయా అన్న గ్రీకు మూలపు పేరు వారికి అంత త్వరగా దగ్గర కావడానికి, అందులో ఈ అన్యమతపు వాసన లేకపోవడం కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

సూరాయాకు కూడా పాలమూరు గతే పట్టింది, అయితే గౌరవప్రదంగా. తూర్పు మాండలికాల్లో అనేకచోట్ల ఆ మాటకు నేటి అర్థం కేవలం క్రైస్తవుడు. అదే కొండల్లో అదే అరామిక్‌ను తమదైన రూపంలో మాట్లాడిన యూదులను ఎవరూ సూరాయే అనరు. వారి పేర్లు, వారి భాష పేరు వేరు. ఇరాన్‌లోని సనందజ్ యూదులు తమ భాషను హులౌలా అంటారు; అది ‘యూదుల తీరు’ అన్న మాటలోని ద, త ధ్వనులు లకారంగా మారడం వల్ల వచ్చింది. పేరు భాషను బట్టి ఇచ్చినదైతే వీరు కూడా సూరాయేలే కావలసింది.

మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. కేరళలో త్రిశూరు కేంద్రంగా ఉన్న ఒక ప్రాచీన సంఘాన్ని మలయాళంలో కల్దాయ సురియాని సభ అంటారు. అందులో కల్దాయ అన్నది అరామిక్ ప్రత్యయంతో చెక్కు చెదరకుండా ఉంది. సురియాని మాత్రం అరబ్బీలోని సుర్యానీ పోలిక. ఈ సభ ఏ ప్రపంచ సంఘానికి చెందినదంటారా, అస్సీరియన్ చర్చ్ ఆఫ్ ది ఈస్ట్‌కు. మీరు అడిగిన పేర్లలో మూడు ఒకే సంఘం గుమ్మం మీద ఉన్నాయి. అక్కడి విశ్వాసులు మలయాళీలు. ఆ పేర్లను బట్టి వారిని నీనెవె సంతతి అనగలమా?


పాలమూరు భాషాభిమాని, మహబూబ్‌నగర్:

దేవరకొండ పెద్దలు చెప్పినదానిలో చాలా భాగానికి నేను ఒప్పుకొంటాను గాని, త్రిశూరు ఉదాహరణతో వచ్చిన ధ్వనికి కొంచెం అడ్డు చెప్పాలి. పేరు వంశాన్ని రుజువు చేయదన్నది నిజమే. అలాగని పేరు వంశం లేదని కూడా రుజువు చేయదు. నీనెవె మైదానంలోనే వందల ఏళ్లుగా ఉంటున్నవారి సంగతి వేరు, ఆరాధనా సంప్రదాయాన్ని అంగీకరించిన మలయాళీల సంగతి వేరు. వంశం గురించిన ప్రశ్నకు ఆధారాలు వలసల చరిత్రలో, ఊళ్ల కొనసాగింపులో, ఆచారాల్లో వెతకాలి, ప్రత్యయంలో కాదు. భాషాశాస్త్రం చెప్పగలిగినది ఇంతే: సుర్యాయా అన్న మాట అష్షుర్ నుంచి గ్రీకు మీదుగా వచ్చింది, ఆథోరాయా నేరుగా వచ్చింది.

అక్షరక్రమం దగ్గర కూడా ఈ వివాదం చేరిందని విద్యార్థి మిత్రుడు రాయలేదు. ఆధునిక కాలంలో అస్సీరియన్ జాతీయభావం గల రచయితలు సూరాయా అన్న మాటకు ముందు ఒక ఆలఫ్ అక్షరం చేర్చి, దానిమీద అడ్డగీత గీయడం మొదలుపెట్టారు. ఆ గీత అర్థం ఈ అక్షరాన్ని పలుకవద్దని. పలుకనక్కరలేని అక్షరాన్ని రాయడం ఎందుకంటే, ఒకప్పుడు ఇక్కడ అష్షుర్ మొదటి అచ్చు ఉండేదని కంటికి చూపడానికి. తమను అరామీయులుగా భావించేవారు ఆ ఆలఫ్‌ను రాయరు. ఒకే విధంగా పలికే మాటలో రచయిత ఏ పక్షమో మొదటి అక్షరమే చెప్పేస్తుంది.

ప్రభుత్వాలు దీనిని ఎవరికి తోచినట్లు వారు సర్దుకొన్నాయి. 2000 నాటి అమెరికా జనగణన అస్సీరియన్, కల్దియన్, సిరియాక్ అన్న మూడింటినీ గీతలతో కలిపి ఒకే వర్గంగా లెక్కించింది. 2005 నాటి ఇరాక్ రాజ్యాంగం 125వ అధికరణం కల్దీయులను, అస్సీరియనులను విడివిడిగా పేర్కొంది. స్వీడన్‌లో రెండు పేర్ల మధ్య గీత పెట్టి రాయడం మామూలు. సుర్యోయో అన్న మాటకు ఇంగ్లీషులో సిరియన్ అనే అనువాదం వల్ల సిరియా దేశపౌరులని జనం పొరబడుతున్నారని ఆ సంప్రదాయపు ఆర్థడాక్స్ సంఘం 2000లో సిరియాక్ అన్న మాటను అధికారికంగా ఎంచుకొంది. అన్నింటిలోకి ఈ చివరి నిర్ణయమే నాకు తెలివైనదిగా కనిపిస్తుంది.

కాబట్టి మీ పదకోశంలో ప్రాచీన సామ్రాజ్యానికి తెలుగు పాఠకులకు అలవాటైన అష్షూరు గాని అస్సీరియా గాని వాడండి. దమస్కు కేంద్రంగా ఉన్న పూర్వరాజ్యానికి అరాము అనే రాయండి, బైబిలులో సిరియా అని ఉన్నా సరే. సాహిత్యభాషకు సిరియాక్, నేటి మాట్లాడే భాషలకు సూరెత్, తూరోయో అని విడిగా రాస్తే గందరగోళం ఉండదు. నేటి ప్రజల విషయంలో మాత్రం ఒక పేరును మీరు ఎంచి పెట్టకుండా, ఏ సమూహం తనను ఏమని పిలుచుకొంటుందో ఆ పేరుతోనే నమోదు చేయడం న్యాయం.


మిర్యాలగూడ భాషాశాస్త్ర విద్యార్థి:

ఆలఫ్ సంగతి గుర్తు చేసినందుకు ధన్యవాదాలు అన్నగారూ. సార్, పదకోశం రాసేటప్పుడు బహువచనం దగ్గర మీకు ఒక ఇబ్బంది వస్తుంది కనుక ముందే చెబుతున్నాను. సుర్యాయే అన్నది అప్పటికే బహువచనం; దానికి మన ‘లు’ తగిలించి సుర్యాయేలు అంటే రెండుసార్లు బహువచనం చేసినట్లవుతుంది. పైన దేవరకొండ పెద్దలు సూరాయేలు అన్నారు, మాటల్లో అది చెల్లుతుంది గాని పదకోశంలో కుదరదు. ఏకవచన రూపాన్నే శీర్షికగా పెట్టి, తెలుగు వాక్యంలో సుర్యాయాలు, ఆథోరాయాలు అని రాయడం మేలు. స్త్రీవాచకానికి విడిగా శీర్షిక అవసరం లేదు. సుర్యాయ్తా, సూరేతా రెండింటినీ అదే శీర్షిక కింద చూపితే సరిపోతుంది. ‘యా’కు దీర్ఘం తప్పనిసరిగా ఉంచండి, లేకుంటే మీ స్టాఫ్ రూములో మళ్లీ చతుర్థీ విభక్తి చర్చకు వస్తుంది.